రానూపోనూ ఒకటే దారి

తాడేపల్లిగూడెంలో మనిషిని ఇంట్లోంచి గెంటెయ్యాలన్నా "కొంచెం అటు జరుగుతారా అండీ" అనే గెంటుతారు. కోపం ఉండదు, కేక ఉండదు. గెంటించుకున్నవాడు వీధిలో నిలబడి, ఎంత మర్యాదగా మాట్లాడారో పాపం అనుకుంటూ ఉండగానే వెనక తలుపు గడియ పడుతుంది. విజయదుర్గకి సొంత ఇంటి ముందు గేటు మూతపడిన వైనం కూడా అచ్చం ఇలాంటిదే.

విజయదుర్గ ఉల్లిపాయల కమీషన్ వ్యాపారి శేషగిరి భార్య. శేషగిరి పోయి నాలుగేళ్ళయింది. పొద్దున్న కాఫీ తాగి మార్కెట్ యార్డుకి వెళ్ళిన మనిషి, బస్తాల మధ్య గుండె పట్టుకుని కూలబడి, మధ్యాహ్నానికి అంబులెన్సులో తిరిగొచ్చాడు. ఉన్న ఒక్క కూతురు సుష్మితకి విజయవాడలో ఉద్యోగం. ఇల్లు ఒకప్పటి ఉమ్మడి ఇల్లే, మధ్యలో గోడ లేపి రెండు వాటాలు చేశారు. ఒక దాంట్లో విజయదుర్గ, పక్క దాంట్లో బావగారు రామమూర్తి, ఆయన భార్య వెంకటరమణమ్మ, కొడుకూ కోడలూ. వాటాలు రెండైనా వీధి గేటు మాత్రం ఒక్కటే.

రెండేళ్ళ కిందట డాక్టరు షుగర్ అన్నాడు, నడవమన్నాడు. నడిచింది. నడుస్తుంటే ఎదురైన ప్రతివాళ్ళూ ఆగి, తల కాస్త పక్కకి వాల్చి, గొంతు తగ్గించి "ఎలా ఉన్నారండీ" అని అడిగేవాళ్ళు. ఆ గొంతు వింటే చాలు, తను ఇంకా ఆ అంబులెన్సు పక్కనే నిలబడి ఉన్నట్టనిపించేది. ఒకరోజు అలాంటి గొంతు ఒకటి దూరం నుంచి వస్తుంటే తప్పించుకోవడానికి నాలుగడుగులు పరిగెత్తింది. పరిగెత్తేవాళ్ళని ఆపి ఎవరూ జాలిపడరని ఆ రోజు తెలిసింది. ఇక ఆగలేదు.

సుష్మిత మంచి బూట్లు కొని పంపింది. తెల్లవారుతుండగా గేటు తీసుకుని, ఉల్లి మార్కెట్ వీధి మీదుగా ఏలూరు కాలువ గట్టుదాకా పరిగెత్తి రావడం అలవాటైంది. లారీల మీంచి బస్తాలు దించే కూలీలు పక్కకి తప్పుకుని దారి ఇచ్చేవాళ్ళు. తడిసిన గోనెల వాసన, గాలికి లేచి కాళ్ళకి చుట్టుకునే ఉల్లిపొట్టు, శేషగిరి కూర్చునే కొట్టు అరుగు. ఆయన రోజూ నడిచిన దారి అది. ఆ దారిన పరిగెడుతున్నంతసేపూ ఆమెకి దుఃఖం ఉండేది కాదు, అంతకన్నా సిగ్గుపడకుండా చెప్పాలంటే సంతోషంగా ఉండేది.

ఇక్కడ రామమూర్తి గురించి చెప్పుకోవాలి. గూడెంలో ఆయన అధ్యక్షుడిగా లేని సంఘం లేదు. వర్తక సంఘం ఆయనదే, వీధి వినాయకుడి కమిటీ ఆయనదే, వేసవి చలివేంద్రం ఆయనదే. వీటన్నిటికన్నా పెద్ద పదవి ఇంకొకటుంది. ఆయన ఎదురొస్తే శుభం. రామమూర్తి ఎదురొస్తే రాళ్ళు కూడా రేటు పలుకుతాయని మార్కెట్లో నానుడి. అంచేత ఆ వీధిలో పరీక్షకి వెళ్ళే పిల్లలూ, పెళ్ళిచూపులకి వెళ్ళేవాళ్ళూ, కొత్త లారీ కొన్నవాళ్ళూ ముందురోజే వచ్చి చెప్పిపెట్టుకుంటారు. ఆయన తెల్లని పంచె కట్టి, బొట్టు దిద్దుకుని, మలుపుదాకా వెళ్ళి, అక్కడ వెనక్కి తిరిగి, ఏమీ ఎరగనివాడిలా చిరునవ్వుతో ఎదురొస్తాడు. చెప్పి రప్పించుకున్న శకునం శకునమెలా అవుతుందని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

అలాంటి మనిషి ఉన్న ఇంట్లోంచి, అదే గేటులోంచి, అందరికన్నా ముందు విజయదుర్గ బయటికొస్తోంది. కొట్లు తెరిచే వేళకి కాలువ గట్టు మీంచి తిరిగొస్తూ వీధి పొడుగునా వర్తకులందరికీ ఎదురొస్తోంది. ఎవరూ ఆమెని ఒక్క మాట అనలేదు. అసలు మాట ఎవరి నోటా రాలేదు. ఈ కథ చెప్పేవాళ్ళకి అంత మర్యాద లేదు కాబట్టి చెప్పేస్తున్నాం: పొద్దున్నే విధవ ఎదురొస్తే బోణీ కాదని వాళ్ళ భయం.

మొదట వెంకటరమణమ్మ గిన్నెలో పులిహోర పట్టుకొచ్చి, మార్కెట్ వీధిలో లారీలు ఎక్కువయ్యాయని బాధపడింది. వారం తిరక్కుండా ఇంకో గిన్నెలో చక్రపొంగలి తెచ్చి, కుక్కలు కూడా ఎక్కువయ్యాయంది. ఆ తరవాత రామమూర్తి స్వయంగా వచ్చి కుర్చీలో కూర్చుని, వెనక సందు చాలా ప్రశాంతంగా ఉంటుందనీ, దుమ్ము ఉండదనీ, మనసుకి హాయిగా ఉంటుందనీ చెప్పాడు. అంతా నీ మంచికేనమ్మా అన్నాడు. తడిగుడ్డతో గొంతు కోయడం అంటే ఇదే. తెగుతున్న గొంతుక్కూడా చల్లగా ఉంటుంది.

విజయదుర్గకి అర్థం కాకపోలేదు. ఇంట్లో ఎవరైనా మంచి పనికి బయల్దేరుతుంటే వసారా స్తంభం వెనక్కి తప్పుకోవడం ఆమెకి నాలుగేళ్ళుగా అలవాటే. ఎవరూ చెప్పలేదు, తనే నేర్చుకుంది. ఇప్పుడు కూడా సరే బావగారూ అంది. ఆయన లేచి వెళ్ళాక, ఎందుకు సరే అన్నానా అని తనమీద తనకే ఒళ్ళు మండింది. మర్నాటి నుంచి పెరటి తలుపు తీసుకుని వెనక సందులోంచి వెళ్ళడం మొదలుపెట్టింది. రామమూర్తి చెప్పిన ప్రశాంతత అంటే మురిక్కాలవ, నాలుగు పందులు, వెలగని వీధి దీపం. డాబా మీద బ్యాంకు పరీక్షకి చదువుకుంటున్న రామమూర్తి కోడలు రమ్య ఒకసారి పైనుంచి వంగి చూసి, "చిన్నత్తయ్యా, అటంతా చీకటి కదండీ, ఇటు రోడ్డుండగా" అంది. అంత తెలివైన పిల్లకి కూడా, చల్లగా ఉంటుందమ్మా అని చెప్పి విజయదుర్గ వెళ్ళిపోయింది.

ఇంతలో గూడెంలో వర్తకులకి పరుగు పిచ్చి పట్టుకుంది. ఎక్కడో సముద్రపొడ్డున జనం రంగురంగుల బనీన్లు వేసుకుని పరిగెత్తే వీడియో ఒకటి వర్తక సంఘం వాట్సాప్ గ్రూపులో తిరిగింది. మనకేం తక్కువ అని రామమూర్తి అన్నాడు. అంతే, గూడెం పరుగు మిత్రమండలి పుట్టింది. అధ్యక్షుడెవరో చెప్పక్కర్లేదు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఒక్కడు వంద గజాలు పరిగెత్తకముందే నారింజరంగు బనీన్లు కుట్టించారు. రామమూర్తి నిలువెత్తు ఫొటోతో ఫ్లెక్సీలు లేచాయి. ఫొటోలో ఆయన పరిగెడుతున్నట్టే ఉంటాడు, పంచె మడత మాత్రం నలగదు.

బనీన్లు వచ్చాక ఎక్కడ పరిగెత్తాలన్న ప్రశ్న వచ్చింది. దానికో రూట్ కమిటీ. అందులో రామమూర్తి, లెక్కలు చెప్పి రిటైరైన అవధాని మాస్టారు, ఉల్లి కమీషన్ వ్యాపారి మధుబాబు. మధుబాబు ఒళ్ళు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది, పరుగు మాత్రం పాలు పొంగితే స్టవ్ దాకా.

ఏలూరు కాలువ గట్టు బాగుంటుందని ముందు అనుకున్నారు. సగం దూరంలో శ్మశానం ఉందని మాస్టారు గుర్తుచేశాక ఆ గట్టు రద్దయింది. తరవాత కార్లు వేసుకుని కొల్లేరు చూడ్డానికి వెళ్ళారు. చేపల చెరువుల మధ్య గట్లు, నీళ్ళ మీద గూడబాతులు, కనుచూపు మేర ఒక్క ఎత్తూ పల్లమూ లేని నేల. పరుగుకి ఇంతకన్నా ఏం కావాలని మధుబాబు కారు అద్దం దించాడు. దించినంత వేగంగానూ ఎత్తాడు. పుట్టి బుద్ధెరిగి చేప ముట్టని వర్తకులు ముక్కులు మూసుకుని పరిగెత్తడం కష్టమనీ, నోటితో పీల్చుకుంటే అది తిన్నట్టే లెక్కనీ మాస్టారు తీర్పు చెప్పారు. కొల్లేరు కూడా పోయింది.

చివరికి మెట్ట మిగిలింది. కామవరపుకోట దాటి జంగారెడ్డిగూడెం వైపు వెళ్తుంటే నేల మెల్లగా లేస్తుంది, మెల్లగా దిగుతుంది. ఎర్రమట్టి, జీడిమామిడి తోపులు, పామాయిల్ తోటలు, దారి పక్కన పొగాకు ఆరబెట్టే బ్యారన్ గదులు. మిట్ట ఎక్కినప్పుడల్లా సముద్రం వైపు నుంచి గాలి వచ్చి మొహానికి తగులుతుంది. చుట్టూ తిరిగి వచ్చే చక్కటి ఊరి రోడ్డొకటి కనిపించింది. ఎంతో బాగుంది. తీరా చూస్తే దాన్ని ఎడం చేతి వైపు తిరిగి రావాలి, కుడివైపు నుంచి లారీలొస్తాయి. ఎడం చేతి వైపు తిరగడమంటే అప్రదక్షిణం. ఇంతమంది కుటుంబీకులు బనీన్లు వేసుకుని అప్రదక్షిణం చేస్తారా అని మాస్టారు నిలదీశారు. అంచేత చుట్టు దారి వద్దు, తిన్నగా ఐదు కిలోమీటర్లు పోయి, అదే దారిన తిన్నగా ఐదు కిలోమీటర్లు తిరిగి రావాలి అని తీర్మానం చేశారు. రానూపోనూ ఒకటే దారి. ఏ దోషమూ లేదు.

పేర్లివ్వమని గ్రూపులో పెట్టిన రోజు సాయంత్రం విజయదుర్గ తన పేరు పెట్టింది. ఆ తరవాత ఒకరి వెంట ఒకరు రెండు చేతులూ జోడించిన దండాల బొమ్మలు పెట్టారు. గూడెంలో దండం పెట్టారంటే ఔననీ కాదు, కాదనీ కాదు, ఈ గండం గట్టెక్కాలని అర్థం.

కమిటీ ఆ రాత్రే కూర్చుంది. వద్దనడానికి నోరు రాదు, మర్యాదస్తులు. రమ్మనడానికి ధైర్యం చాలదు, వర్తకులు. ముప్ఫైమంది బయల్దేరుతున్న శుభకార్యం, పరుగు మర్నాడే మార్కెట్ కూడా ఉంది. చివరికి అవధాని మాస్టారికే తట్టింది. ఆవిడని అందరికన్నా చివర బయల్దేరమంటే సరి. వెనక ఉన్న మనిషి ముందున్న మనిషికి ఎదురు రావడం ఏ లెక్క ప్రకారమూ సాధ్యం కాదన్నారు. ముప్ఫై ఐదేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి. కమిటీ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. మర్నాడు రామమూర్తి వచ్చి, తొక్కిసలాట ఉంటుందమ్మా, నువ్వు నెమ్మదిగా అందరూ వెళ్ళాక బయల్దేరు, నీకే హాయి అన్నాడు. సరే బావగారూ అంది విజయదుర్గ. అయితే ఈసారి ఆమె ఇంకో మాట కలిపింది.

"ఈ పరుగు బాగా పరిగెత్తితే, నన్ను మళ్ళీ ముందు గేటులోంచి వెళ్ళనిస్తారా బావగారూ?"

రామమూర్తి నొచ్చుకున్నాడు. నిన్నెవరమ్మా ఆపింది, గేటు నీది కాదా అన్నాడు. అలా అంటూనే గేటుకి గొళ్ళెం పెట్టుకుని వెళ్ళాడు.

మార్కెట్ సెలవు రోజు చూసుకుని రెండు బస్సుల్లో బయల్దేరారు. కామవరపుకోట అవతల ఒక జీడితోట ముందు ఫ్లెక్సీలు కట్టి, కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి, రామమూర్తి జెండా ఊపాడు. ఊపి తనూ పరిగెత్తాడు. ముప్ఫైమంది నారింజ బనీన్లు మిట్ట ఎక్కడం మొదలుపెట్టాయి. అందరూ కనుమరుగయ్యేదాకా విజయదుర్గ గట్టు మీద కూర్చుంది. ఒంటరిగా కూర్చున్నందుకు ఏడుపు రాబోయింది. అది వచ్చేలోపే లేచి పరుగు అందుకుంది.

మొదటి మిట్ట మీదే సగంమంది దొరికారు. కొందరు నడుస్తున్నారు, కొందరు నడుము మీద చేతులు పెట్టుకుని తోటల్ని పరిశీలిస్తున్నారు. వెనక నుంచి వచ్చి దాటిపోతే ఏ శాస్త్రంలోనూ దోషం లేదు కాబట్టి వాళ్ళు మనస్ఫూర్తిగా "వెళ్ళండమ్మా, వెళ్ళండి" అన్నారు. అవధాని మాస్టారు ఒక పల్లంలో, మధుబాబు దాని తరవాత మిట్టలో కనిపించారు. రామమూర్తి ఒక్కడే పట్టుదలగా చేతులు ఊపుకుంటూ పోతున్నాడు. ఆయన్ని దాటేటప్పుడు విజయదుర్గ అలవాటుగా కొంగు సర్దుకోబోయింది. కొంగు లేదు, బనీను ఉంది. సర్దుకోవడానికేమీ లేకపోవడం ఎంతో హాయిగా అనిపించింది.

ఐదు కిలోమీటర్ల చివర ఎత్తైన మిట్ట మీద పొగాకు బ్యారన్ పక్కన ఒక డ్రమ్మూ, దానిమీద జెండా, బల్ల మీద మంచినీళ్ళూ పెట్టారు. నీళ్ళిచ్చేది ఆ ఊరి సుబ్బలక్ష్మి. కమిటీ తరఫున ఆవిడకీ ఒక నారింజ బనీను ఇస్తే, చీర మీద తొడుక్కుని నిలబడింది.

"మీరే ముందాండీ? మగాళ్ళందరూ ఏమయ్యారండీ?" అని అడిగింది.

వస్తున్నారు అని చెప్పడానికి విజయదుర్గ వెనక్కి తిరిగింది. తిరిగేసరికి మిట్ట మీంచి రోడ్డంతా కనిపించింది. కింద పల్లంలోనూ, అవతల మిట్ట మీదా, ఇంకా అవతలా, ఒక్కొక్కరుగా ఇటే వస్తున్న ముప్ఫై నారింజ బనీన్లు. తను ఇప్పుడు వెళ్ళాల్సింది వాళ్ళ వైపే. ఒక్కళ్ళని కూడా వదలకుండా అందరికీ ఎదురెళ్ళాలి. ఏ లెక్క ప్రకారమూ సాధ్యం కాదన్నది మాస్టారి లెక్క ప్రకారమే అయి కూర్చుంది.

కాళ్ళు ఆగిపోయాయి. నాలుగేళ్ళ అలవాటు ఊరికే పోదు. పక్కనే బ్యారన్ గోడ ఉంది, దాని వెనక్కి తప్పుకుంటే అందరూ వచ్చి తిరిగి వెళ్ళిపోతారు, తను వెనకాలే మెల్లగా పోవచ్చు. ఎవరికీ ఇబ్బంది ఉండదు. గోడ వైపు రెండడుగులు వేసింది కూడా. అటు ఎండ లేదు, నీడగా ఉంది. వెనక సందు గుర్తొచ్చింది. ఇన్నేళ్ళుగా తను ఎవరికి ఏం చెడు చేసిందని ఈ గోడల వెనకాల నిలబడాలో ఒక్కసారిగా అర్థం కాకుండా పోయింది. నీళ్ళు తాగి గ్లాసు బల్ల మీద పెట్టి, ఎండలోకి వచ్చి, పల్లంలోకి పరుగు తీసింది.

అందరికన్నా ముందు ఎదురైంది రామమూర్తి. దూరం నుంచి చూస్తూనే ఆయన మొహం జీడితోట వైపు తిప్పి, ఒంగి బూటు లేసు కట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆయన బూట్లకి లేసుల్లేవు, అంటించే పట్టీలు. పాపం, లేని లేసుని చాలాసేపు కట్టుకున్నాడు.

తక్కిన వాళ్ళకి ఆ సమయస్ఫూర్తి లేదు. చెడ్డ శకునం ఎదురైతే వెనక్కి తిరిగి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ మొదలుపెట్టాలని పెద్దలు చెప్పింది వాళ్ళకి గుర్తుంది. దారి పొడుగునా మిత్రమండలి వారే కుర్చీలూ మంచినీళ్ళూ ఏర్పాటు చేసి ఉన్నారు. ఒకడు కూర్చున్నాడు. వాడు కూర్చోవడం చూసి ఇంకొకడు కూర్చున్నాడు. కూర్చోవడంలో ఉన్న సుఖం తెలిశాక శాస్త్రం మీద గౌరవం ఇంకా పెరిగింది. అవధాని మాస్టారు కుర్చీ దొరక్క మైలురాయి మీద కూర్చుని, నీళ్ళ బాటిల్ మూత తిప్పుతూ, తన లెక్క ఎక్కడ తప్పిందో నిజాయితీగానే ఆలోచించారు. పరిగెత్తడానికి వచ్చినవాళ్ళు రోడ్డు పక్కన వరసగా కూర్చుని నీళ్ళు తాగుతుంటే, పొలాలకి పోతున్న ఆడకూలీలు ఇది ఏ పార్టీ ధర్నా అని అడిగారు.

మధుబాబు ఒక్కడే కూర్చోలేదు. భక్తి లేక కాదు. మిట్ట మధ్యలో ఉన్నాడు, వెనక్కి తిరిగే ఓపిక లేదు, కూర్చుంటే లేవగలనన్న నమ్మకం అసలే లేదు. ఎదురుగా విజయదుర్గ వస్తుంటే గుడ్లప్పగించి చూశాడు. చేతులు రెండూ ఎత్తి, "వదినగారూ, ఇంకా ఎంత దూరం ఉందండీ" అని అడిగాడు. ఈ చెట్లు దాటితే వచ్చేసిందండీ అని ఆమె అబద్ధం చెప్పి సాగిపోయింది.

ఫ్లెక్సీ దగ్గరికి ఆమె చేరేసరికి అక్కడ వడ్డించే వాళ్ళు ఇడ్లీ తింటున్నారు. అంత తొందరగా ఎవరూ రారనుకున్నారు. తక్కినవాళ్ళు కూడా చేరాక సభ జరిగింది. ముందుగా మైకులో రామమూర్తి, మహిళల విభాగంలో ప్రథమ బహుమతి మా మరదలు విజయదుర్గకి అని ప్రకటించాడు. మహిళల విభాగంలో ఆమె ఒక్కతే ఉంది. మగవాళ్ళకన్నా ముందొచ్చిన సంగతి మైకులోకి ఎక్కలేదు. మెడలో వెయ్యడానికి ఎవరూ ముందుకు రాక, పతకాన్ని బల్ల మీద పెట్టి, తీసుకోమ్మా అన్నారు. తీసుకుంది. బస్సులో తిరిగొస్తున్నంతసేపూ ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. అయినా ఆమెకి నిద్ర పట్టింది.

మర్నాడు మార్కెట్లో ఇంకో విచిత్రం జరిగింది. పై రాష్ట్రాల్లో వానలు పడి సరుకు కుళ్ళిందని వార్త వచ్చి, పొద్దున్నకల్లా ఉల్లి ధర ఎగిరిపోయింది. దిగిపోతుందన్న భయంతో తక్కినవాళ్ళంతా అంతకు ముందే సరుకు వదిలించుకున్నారు. బద్ధకం వల్ల అమ్మకుండా ఉంచుకున్నది మధుబాబు ఒక్కడే. ఒక్కరోజులో మధుబాబు దశ తిరిగింది. ఎందుకు తిరిగిందో వర్తకులు ఆలోచించారు. వానల సంగతి అందరికీ తెలుసు. కానీ వాన అందరిమీదా ఒకటే కదా. మధుబాబు చేసి, తాము చెయ్యని పని ఏమిటి? విజయదుర్గ ఎదురొస్తే అతను కూర్చోలేదు, నీళ్ళు తాగలేదు, దండం పెట్టి పలకరించాడు.

సాయంత్రానికి గ్రూపు నిండా ఆమె ఫొటోలే. మిట్ట దిగి వస్తున్న విజయదుర్గకి అమ్మవారి ఫొటోకి పెట్టినట్టు చుట్టూ పువ్వుల చట్రం కట్టారు. రేపు మా కొట్టు వైపు నుంచి పరిగెత్తండమ్మా అని ఒకరు, గోడౌను తెరిచే టైముకి రండమ్మా అని ఇంకొకరు. అవధాని మాస్టారైతే ఎదురు రావడమన్నది అసలు మనిషి స్వభావాన్ని బట్టి ఉంటుందని పెద్ద పోస్టు పెట్టారు. నిన్నటిదాకా ఆమె నీడ పడితే నష్టం, ఇవాళ నీడ పడకపోతే నష్టం. ఆమెకి ఎలా ఉందని మాత్రం నిన్నా ఎవరూ అడగలేదు, ఇవాళా అడగలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా విజయదుర్గ బూట్లు తొడుక్కుని పెరటి వైపు కాకుండా వీధి వైపు వచ్చింది. గేటు తీసే ఉంది. గేటు దగ్గర తెల్లని పంచెతో, చిరునవ్వుతో రామమూర్తి నిలబడి ఉన్నాడు. చేతిలో కాయితం. మార్కెట్ వీధిలో ఏ కొట్టు ఎప్పుడు తెరుస్తారో చూసుకుని, కమిటీ రాత్రంతా కూర్చుని గీసిన కొత్త రూటు అది. ముందు మన కొట్టు, తరవాత మధుబాబుది, అక్కణ్ణుంచి కుడిచేతి వైపు, ప్రదక్షిణంగా.

"నీ గేటు నీకు వచ్చేసిందమ్మా," అన్నాడు. "ఇక నువ్వు ఈ దారినే వెళ్ళాలి. నువ్వు ఎదురొస్తే ఎంత మంచిదో ఇన్నాళ్ళూ మాకు తెలియలేదు."

విజయదుర్గ ఆ కాయితం అందుకోలేదు. ఆయన మొహంలోకి చూసింది. ఆమె గొంతు కూడా గూడెం గొంతే, మెత్తగానే వచ్చింది.

"బావగారూ, ఆ రోజు కర్నూలు లోడు వచ్చిందని మీ తమ్ముడు ఒకటే కంగారుపడ్డారు. మిమ్మల్ని ఎదురు రమ్మని నేనే వచ్చి అడిగాను. మీరు మలుపుదాకా వెళ్ళి, ఇలాగే నవ్వుకుంటూ ఎదురొచ్చారు. మధ్యాహ్నానికి ఆయన్ని తెచ్చారు. నాలుగేళ్ళయింది. ఎదురొచ్చింది మీరని నేను ఎప్పుడైనా ఎవరితోనైనా అన్నానా అండీ?"

రామమూర్తి చిరునవ్వు అలాగే ఉండిపోయింది. దాన్ని ఏం చేసుకోవాలో ఆయనకి తెలియలేదు. ఆయన గేటు పక్కకి జరిగాడు. ఆమె మార్కెట్ వీధి వైపు చూసి, ఆ కొట్ల వరస మొదలవకముందే కాలువ వైపు సందు తిరిగి, తనకి తోచిన దారిన వెళ్ళిపోయింది. పరిగెడుతుంటే కళ్ళమ్మట నీళ్ళు కారాయి. అన్నందుకు కాదు, ఇన్నేళ్ళు అననందుకు.

ఎండ వచ్చాక తిరిగొచ్చేసరికి గేటు లోపల హడావుడిగా ఉంది. ఆ రోజు రమ్యకి ఏలూరులో బ్యాంకు పరీక్ష. హాల్ టికెట్టు పట్టుకుని మెట్ల మీద నిలబడి ఉంది. వెంకటరమణమ్మ లోపలికి చూసి పిలుస్తోంది.

"ఏవండీ, పిల్ల బయల్దేరుతోంది. ఒక్కసారి అలా వెళ్ళి ఎదురు రండి."

రామమూర్తి వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చేతిలో పేపరుంది, చదవడం లేదు. మిట్టలెక్కిన దగ్గర్నుంచి మోకాలు నొప్పిగా ఉందన్నాడు. రెండోసారి పిలిస్తే మోకాలి మీద చెయ్యి వేసి చూపించాడు. ముప్ఫై ఏళ్ళలో ఆయన ఎదురు రానన్నది అదే మొదలు.

గేటు బయట విజయదుర్గ ఇదంతా చూసింది. పిల్ల పరీక్ష. అలవాటు కొద్దీ ఒళ్ళు గేటు స్తంభం వెనక్కి జరగబోయింది. రమ్య అప్పటికే మెట్లు దిగి వచ్చేస్తోంది, చేతికున్న వాచీ చూసుకుంటూ.

"చిన్నత్తయ్యా, రైలు టైమైపోతోంది. కాస్త ఆ గేటు తియ్యండి."

విజయదుర్గ స్తంభం దగ్గర్నుంచి ఇవతలికి వచ్చి, గేటు పూర్తిగా తెరిచి, పిల్ల బయటికి వెళ్ళేదాకా పట్టుకుని నిలబడింది.